నాలుగు కాళ్లూ గాల్లో

తెనాలిలో పటాలు కట్టే కొట్టు ముందు నిలబడితే ఈమధ్య ముందుగా కనిపించేది దేవుళ్లు కాదు, గుర్రాలు. నురగలు కక్కే సముద్రం ఒడ్డున ఏడు తెల్ల గుర్రాలు, వాటి వెనక ఎర్రటి పొద్దు. గృహప్రవేశాలకి కానుకగా ఇంతకు మించి అమ్ముడుపోయే పటం లేదట. "తూర్పు గోడకి తగిలించండి మాష్టారూ. మూతులు మాత్రం ఇంట్లోకి ఉండాలి. బయటికి ఉంటే వచ్చిన లక్ష్మి వచ్చినట్టే పోద్ది" అని కొట్టతను అడక్కపోయినా చెప్పాడు. నేను మూతులు చూడటం లేదు. కాళ్లు చూస్తున్నాను.

ఆ ఏడింటిలో రెండు గుర్రాలు ముందుకాళ్లు ముందుకీ వెనక్కాళ్లు వెనక్కీ బారజాపి, పిల్లి గోడ మీంచి దూకినట్టు గాలిలో తేలుతున్నాయి. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ గుర్రం పుట్టిన నాటి నుంచి నేటి వరకూ ఏ గుర్రమూ అలా దౌడు తీయలేదు. ఆ సంగతి మనిషికి తెలిసి నూట యాభై ఏళ్లు కూడా కాలేదు. తెలిపింది ఒక పందెపు గుర్రం, దాని మీద కూర్చున్న ఒక జాకీ, పన్నెండు కెమెరాలు. ఆ ఫొటోకి పటం కట్టించడానికే నేను ఆ కొట్టుకి వెళ్లింది.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్లతో నడుస్తుందని మనవాళ్లంటారు. గుర్రం కాళ్ల లెక్క మనకి కొత్తదేమీ కాదన్నమాట. కానీ పరుగెత్తే గుర్రానికి ఏ క్షణాన ఎన్ని కాళ్లు నేల మీద ఉన్నాయో చెప్పమంటే ఎవరి తరమూ కాదు. స్టేషను ముందు జట్కా గుర్రం టకటకమంటూ పోతుంటే కళ్లు చికిలించి చూసినవాడికి కాళ్ల స్థానంలో కనిపించేది మసక. దౌడులోనైతే ఒక అంగ పూర్తికావడానికి అరసెకను పడుతుంది. ఆ అరసెకనులో నాలుగు గిట్టలూ వేర్వేరు వేళల్లో నేలని తాకి లేస్తాయి. కంటికి అందనిదాన్ని చిత్రకారుడు ఊహించి పూరించాడు. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1821లో వేసిన ఎప్సమ్ డర్బీ చిత్రం ఉంది. అందులో గుర్రాలన్నీ మన ఏడు గుర్రాల పటంలోలాగే కాళ్లు రెండువైపులా చాచి ఎగురుతుంటాయి. ఇంగ్లండులో పందెపు గుర్రాల అచ్చుబొమ్మలు వందల కొద్దీ అమ్మినవాళ్లూ ఇదే పద్ధతి పాటించారు. పాత రేసుకోర్సు బొమ్మ ఏది తిరగేసినా గుర్రాలు పరుగెత్తవు, ఈదుతాయి.

గుర్రం గిట్టలు నేలకి తగలని బొమ్మ మన కృష్ణ ఒడ్డున అంతకు పదహారు, పదిహేడు వందల ఏళ్ల ముందే పుట్టింది. సిద్ధార్థుడు అర్ధరాత్రి తన గుర్రం కంథకం ఎక్కి ఇల్లు విడిచిన ఘట్టాన్ని అమరావతి శిల్పులు పాలరాయి లాంటి సున్నపురాతి మీద చెక్కారు. కపిలవస్తు మేలుకోకుండా యక్షులు గుర్రం గిట్టల కింద అరచేతులు పట్టారని అశ్వఘోషుడి బుద్ధచరితం చెబుతుంది. నాలుగు కాళ్లూ గాల్లో ఉండాలంటే అప్పట్లో నలుగురు యక్షులు కావలసివచ్చారు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ పనికి ఒక రైలు కంపెనీ యజమాని దొరికాడు.

అతని పేరు లీలండ్ స్టాన్‌ఫర్డ్. కాలిఫోర్నియా మాజీ గవర్నరు, అమెరికాలో తూర్పు పడమరలని కలిపిన రైలుమార్గం వేసినవాళ్లలో ఒకడు. డబ్బుకి కొదవ లేదు, గుర్రాల పిచ్చికి అంతకన్నా లేదు. పాలో ఆల్టోలో సొంత పెంపకశాల, సొంత పందెపు బాట. జట్కా గుర్రం నడకలాంటి ఆ చిన్న పరుగులో కూడా ఒక క్షణం నాలుగు గిట్టలూ నేల విడుస్తాయా, లేదా అన్నది అతన్ని తొలిచిన ప్రశ్న. దీనిమీద పాతికవేల డాలర్ల పందెం కాశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆధారం ఎవరూ చూపలేదు. నాకు తోచినంతవరకూ అతనికి పందెంతో పనిలేదు. గుర్రానికి శిక్షణ ఇచ్చేవాడికి దాని కాలు ఎక్కడ పడుతుందో తెలిస్తే చాలు, పందేలు వాటంతటవే వస్తాయి.

1872లో స్టాన్‌ఫర్డ్ ఈ పనికి పిలిచింది ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫరుని. 1830లో ఇంగ్లండులోని కింగ్‌స్టన్‌లో పుట్టి అమెరికా చేరినవాడు. యోసెమిటీ లోయ ఫొటోలతో అప్పటికే పేరు తెచ్చుకున్నాడు. మొదటి ప్రయత్నాల్లో మసకబొమ్మలు వచ్చాయి. ఈలోగా 1874లో అతను తన భార్య ప్రియుణ్ణి కాల్చి చంపాడు. మరుసటి ఏడు జ్యూరీ అతన్ని వదిలిపెట్టింది. కొన్నాళ్లు మధ్య అమెరికా దేశాల్లో తిరిగి వచ్చి, గుర్రం పని మళ్లీ మొదలుపెట్టాడు. ఇలాంటివాడి జీవితం సినిమాగా తీస్తే మనవాళ్లు ఇంటర్వెల్ ఎక్కడ వేయాలో తేల్చుకోలేరు.

ఇప్పటి ఫోన్ కెమెరా అలవాటుతో ఆ కష్టం అర్థం కాదు. అప్పటి ఫొటో గాజు పలక మీద. పలకకి జిగురులాంటి కొలోడియన్ పూసి, వెండి ఉప్పు ద్రావణంలో ముంచి, అది తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి తీయాలి. ఆరితే పనికిరాదు. ఫొటో దిగేవాడు కొన్ని సెకన్లు కదలకుండా కూర్చోవాలి. అలాంటి పలక మీద వెయ్యోవంతు సెకనులో బొమ్మ పడాలంటే వెలుతురు ఎక్కణ్నుంచి తేవాలి? మైబ్రిడ్జ్ ఎండని రెట్టింపు చేశాడు. పందెపు బాట మీద సున్నం చల్లించాడు. బాటకి ఒకవైపు తెల్లగుడ్డ కప్పిన గోడ నిలబెట్టించాడు. జూన్ నెల కాలిఫోర్నియా ఎండ ఆ తెలుపు మీద పడి తిరిగివస్తే, దాని మధ్య గుర్రం నల్లటి నీడలా దిగుతుంది. మన బాపట్ల రోహిణి ఎండలో తెల్ల పంచె ఆరేసిన చోటుకి కళ్లెత్తి చూసినవాడికి ఆ కిటుకు విడమరిచి చెప్పక్కర్లేదు.

గోడకి ఎదురుగా ఒక పొడుగాటి కొట్టం, అందులో వరసగా పన్నెండు కెమెరాలు, ఒక్కొక్కదానికీ 27 అంగుళాల ఎడం. ప్రతి కెమెరా ఎదుటా బాటకి అడ్డంగా ఒక సన్నటి దారం. గుర్రం రొమ్ము తగిలి దారం తెగగానే విద్యుత్తు ప్రవహించి, రబ్బరు పట్టీల లాగుడుతో కెమెరా రెప్ప క్షణంలో తెరుచుకుని మూసుకుంటుంది. ఈ విద్యుత్ ఏర్పాటుకి స్టాన్‌ఫర్డ్ రైలు కంపెనీలోని జాన్ ఐజాక్స్ అనే ఇంజనీరు సాయపడ్డాడు. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఫొటో ఎప్పుడు తీయాలో ఫొటోగ్రాఫరు చేతిలో లేదు. గుర్రమే తన ఫొటో తాను తీసుకుంది.

1878 జూన్ 15న విలేకరుల్ని పిలిచి అందరి ఎదుటా ఆడ గుర్రం శాలీ గార్డ్‌నర్‌ని పరుగెత్తించారు. మీద జాకీ గిల్బర్ట్ డామ్. రొమ్ముకి దారాలు తగులుతుంటే గుర్రం బెదిరి ఎగిరింది, జీను పట్టీ తెగింది. పనంతా చెడిందనుకున్నారు. తీరా పలకలు కడిగి చూస్తే, తెగిన పట్టీ గుర్రం పొట్ట కింద వేలాడుతూ ఫొటోలో స్పష్టంగా దిగింది. ఫొటోలు ముందే తయారుచేసి మోసం చేస్తారేమోనని అనుమానంతో వచ్చినవాళ్ల నోళ్లు మూతపడ్డాయి. ఏ పరిశోధకుడికైనా ఇంతకు మించిన సాక్ష్యం దొరకదు: అనుకోకుండా జరిగిన పొరపాటు.

మార్కెట్లోకి వచ్చిన శాలీ గార్డ్‌నర్ ఫొటోల కార్డు మీద జూన్ 19 తేదీ ఉంది. మైలు దూరాన్ని ఒక నిమిషం నలభై సెకన్లలో పూర్తిచేసే వేగంతో గుర్రం పరుగెత్తిందని రాసి ఉంది. లెక్క కట్టి చూడండి. సెకనుకి 16 మీటర్లు. 27 అంగుళాలు దాటడానికి సెకనులో పాతికోవంతు. సినిమా కెమెరా సెకనుకి 24 బొమ్మలు తీస్తుందని మనకి తెలుసు. సినిమా పుట్టకముందే, గుర్రం కాళ్ల కోసం ఏర్పాటు చేసిన దారాలు దాదాపు ఆ లెక్కకే చేరాయి. అది కాకతాళీయమే, అయినా కుతూహలంగా ఉంటుంది.

ఇంతకీ కాళ్ల సంగతి. కార్డు పై వరసలో రెండో బొమ్మా మూడో బొమ్మా చూస్తే నాలుగు గిట్టలూ నేలని విడిచి ఉన్నాయి. కానీ చాచి కాదు, ముడుచుకుని. పొట్ట కింద నాలుగు కాళ్లూ మూటకట్టినట్టు ఒకచోట చేరినప్పుడు గుర్రం గాల్లో ఉంటుంది. చాచినప్పుడు ఏదో ఒక గిట్ట నేల మీద ఆనే ఉంటుంది. అంటే జెరికో వేసింది తప్పు. ఇంగ్లండు అచ్చుబొమ్మలు తప్పు. మన కొట్టులోని ఏడు గుర్రాల్లో రెండు తప్పు.

చిత్రకారుల్లో కొందరు కంగారుపడ్డారు, కొందరు మండిపడ్డారు. గుర్రాల బొమ్మలకి పేరుపడ్డ మెసొనియె 1881లో పారిస్‌లోని తన ఇంటికి మైబ్రిడ్జ్‌ని పిలిచి పెద్దల ఎదుట ప్రదర్శన పెట్టించాడు. దెగా ఆ ఫొటోలు ముందుపెట్టుకుని గుర్రాలు గీశాడు. శిల్పి రోదాఁ మాత్రం, చిత్రకారుడిదే నిజం, ఫొటోదే అబద్ధం, ఎందుకంటే కాలం ఎక్కడా ఆగదు అని వాదించాడు. వాదన తేలికగా కొట్టిపారేసేది కాదు. ముడుచుకున్న గుర్రం ఫొటోలో నిజంగానే పరుగెత్తుతున్నట్టు ఉండదు, కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నట్టుంటుంది.

మైబ్రిడ్జ్‌కి దక్కాల్సిన గౌరవం కూడా పూర్తిగా దక్కలేదు. 1882లో స్టాన్‌ఫర్డ్ ఒక డాక్టరు చేత గుర్రం నడకల మీద పుస్తకం రాయించి వేశాడు. ఫొటోలు చాలావరకు గీతబొమ్మలుగా మారిపోయాయి, తీసినవాడు జీతగాడి లెక్కలో మిగిలాడు. లండన్ రాయల్ సొసైటీ అతని వ్యాసం వేయబోయి వెనక్కి తగ్గింది. స్టాన్‌ఫర్డ్ మీద దావా వేసి ఓడిపోయాడు. ఆ తరవాత పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మనుషులవీ జంతువులవీ వేల ఫొటోలు తీసి, 1887లో 781 పలకల మహాగ్రంథం వెలువరించాడు. అంతకు ముందే గాజు చక్రం మీద గుర్రం బొమ్మలు వరసగా దిద్ది, తిప్పుతూ తెర మీద వేసి చూపించాడు. గుర్రం తెర మీద పరుగెత్తింది. సినిమాకి తాతల్లో ఆ చక్రం ఒకటి.

తెనాలివాళ్లకి ఈ మాట దగ్గర చుట్టరికంలా వినిపించాలి. ఈ ఊరూ దీని చుట్టుపక్కల పల్లెలూ తెలుగు తెరకి ఇచ్చినంతమందిని మరే ప్రాంతమూ ఇచ్చి ఉండదు. పక్కనున్న బుర్రిపాలెం కుర్రాడు కృష్ణ 1971లో 'మోసగాళ్లకు మోసగాడు'తో కౌబాయ్ వేషం కట్టాడు. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా. రాజస్థాన్ ఎడారిలో గుర్రాలు దుమ్ము లేపాయి. ఆ రీలుని చేత్తో పట్టుకుని బొమ్మా బొమ్మా విడదీసి చూస్తే శాలీ గార్డ్‌నర్ ముడుచుకున్న కాళ్లు అక్కడా కనిపిస్తాయి. తెరమీద మాత్రం మనకి ఏదీ కనిపించదు. ఈలలు వేయడంలో ఉంటాం.

మైబ్రిడ్జ్ రోజుల్లో మన రాష్ట్రాల వైపు పందెపు గుర్రాల ఫొటోలు ఎలా ఉండేవని అడుగుతారేమో. 1868లో మౌలాలిలో మొదలైన గుర్రప్పందేలని ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో మలక్‌పేటకి తెచ్చాడు. ఆ నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్. 1844లో సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, కెమెరా పట్టినవాడు. రాజమహళ్లూ వేటలూ సైనిక విన్యాసాలూ అతని పలకల మీదే మనకి మిగిలాయి. అప్పటి ఫొటోల్లో గుర్రం దాదాపు ఎప్పుడూ నిలబడే ఉంటుంది. కళ్లెం పట్టుకున్న సహీసు, పక్కన యజమాని, వెనక గోడ. గుర్రం చెవి కదిలిస్తే చెవి మసక, తోక విసిరితే తోక మాయం. తరవాతి కాలం ఫొటోల్లో జాకీని చూసి కూడా కాలాన్ని పట్టుకోవచ్చు. రికాబులు కిందికి దించి, నిటారుగా కూర్చున్నాడంటే పాత పద్ధతి. మోకాళ్లు పైకి లాక్కుని, గుర్రం మెడ మీదికి ఒరిగి, కొమ్మ మీద కోతిలా ఉన్నాడంటే ఇరవయ్యో శతాబ్దం వచ్చేసిందని అర్థం. అమెరికన్ జాకీ టాడ్ స్లోన్ 1897లో ఇంగ్లండులో ఆ కూర్చునే తీరుతో నవ్వులపాలై, వరసగా గెలిచి, నవ్వినవాళ్ల చేతే అదే పని చేయించాడు.

మద్రాసు గిండీలో మౌలాలి కన్నా ముందు, 1777 నుంచే పందేలున్నాయి. 1896లో అక్కడ రేసు క్లబ్బు ఏర్పడింది. 1899లో బెజవాడ, మద్రాసుల మధ్య రైలు కలిసింది, తెనాలీ బాపట్లా ఆ దారిలోనే ఉన్నాయి. 1916లో రేపల్లె కొసదాకా పట్టాలు వచ్చాయి. దానితో డెల్టాలో ధాన్యం అమ్మిన డబ్బులకి మద్రాసు ఒక రాత్రి దూరమైంది. రేసుల్లో పొలాలు పోగొట్టుకున్న పెదనాన్న ఒకడు ఈ జిల్లాలో ఏ నలుగురు కూర్చున్నా మాటల్లోకి వస్తాడు. ఆ పెదనాన్నలందరి నోటా ఒకటే మాట: "గెలిచింది నా గుర్రమేరా, జడ్జీ కళ్లు మూసుకున్నాడు."

దాంట్లో కొంత నిజం లేకపోలేదు. గెలుపు గీత దగ్గర రెండు గుర్రాలు ముక్కూ ముక్కూ రాసుకుంటూ వస్తే, నిలబడి చూసే మనిషి కన్ను చెప్పిందే తీర్పు. ఇలాంటి చోట ఇక ఫొటోయే తీర్పు చెబుతుందని, పెద్ద పందెమేదీ అది లేకుండా జరగదని మైబ్రిడ్జ్ 1882లోనే 'నేచర్' పత్రికకి ఉత్తరం రాశాడు. చెప్పినంత సులువుగా జరగలేదు. మామూలు ఫొటో తీస్తే గుర్రం సరిగ్గా గీత దాటే క్షణం దొరకదు. సినిమా కెమెరా పెడితే? పందెపు గుర్రం ఒక బొమ్మకీ మరో బొమ్మకీ మధ్య రెండడుగుల పైనే దూకేస్తుంది. తగవు బెత్తెడు ముక్కు దగ్గర, కెమెరా తప్పిపోయేది రెండడుగులు.

దారి చూపింది లొరెంజో డెల్ రిచ్చియో. హాలీవుడ్ పారమౌంట్ కంపెనీలో కటకాల పని చేసినవాడు. 1937లో కాలిఫోర్నియాలో కొత్తగా తెరిచిన డెల్ మార్ రేసుకోర్సులో అతని కెమెరా నిలబడింది. దానికి తెరుచుకుని మూసుకునే రెప్ప లేదు. నిలువుగా సన్నటి చీలిక ఒకటే ఉంది, అది సూటిగా గెలుపు గీత వైపు చూస్తూ ఉంటుంది. వెనక ఫిల్ము ఆగకుండా జరుగుతుంటుంది.

అదెలా పనిచేస్తుందో రేపల్లె లైను పక్కన ఇల్లున్నవాళ్లకి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. రైలొచ్చే వేళకి తలుపు దగ్గరగా వేసి, వేలెడు సందులోంచి చూడండి. ఏ క్షణానా రైలు మొత్తం కనిపించదు. ఇంజను ముక్కు, ఒక కిటికీ, ఒక చెయ్యి, ఒక తలుపు, అలా ముక్కముక్కగా దాటిపోతాయి. ఆ సందులో కనబడ్డవన్నీ వరసగా పక్కపక్కన అతికిస్తే మొత్తం రైలు వచ్చేస్తుంది. ఫొటో ఫినిష్ బొమ్మ అదే. అందులో ప్రతి నిలువు గీతా ఒకే చోటుది, గెలుపు గీతది. మారేది కాలం. కుడి ఎడమలకి అందులో దూరం అన్న అర్థం లేదు, ముందు వెనకలే. మొదట సందు దాటిన ముక్కు గెలిచినట్టు. అందుకే ఆ బొమ్మల్లో గుర్రాల కాళ్లు వంకరగా, సాగదీసినట్టు, ఒక్కోసారి చెప్పుల షాపులో జోళ్లలా వరసగా కనిపిస్తాయి. నేల మీద ఆగిన గిట్ట చీలిక ముందు ఎక్కువసేపు నిలబడుతుంది కాబట్టి వెడల్పుగా సాగుతుంది. అవతలివైపు గుర్రం చాటున పడకుండా గెలుపు స్తంభానికి అద్దం కూడా బిగించారు.

1949లో ఎప్సమ్ డర్బీ మొదటిసారి ఈ ఫొటోతో తేలింది. నింబస్ గెలిచింది, అమూర్ డ్రేక్ తలవాసిలో ఓడింది. జెరికో కాళ్లు చాచి ఎగరేసింది ఈ మైదానంలోని గుర్రాల్నే. అదే ఏడు మన తెర మీద అక్కినేని కీలుగుర్రం ఎక్కి ఆకాశంలో తిరిగాడు. ఆ గుర్రానికి గిట్టలు నేల తాకే గొడవే లేదు.

మన డెల్టాలో గుర్రప్పందేలు లేవు కానీ పందెం మాత్రం లేకపోలేదు. సంక్రాంతికీ శివరాత్రికీ ఒంగోలు జాతి ఎడ్లతో బండలాగుడు పోటీలు పెడతారు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ ఎడ్ల నోటిని చూసి విభాగాలు చేస్తారు. ఇందులో రెండు జతలు పక్కపక్కన పరుగెత్తవు. ఒక్కొక్క జతా వచ్చి, ఇచ్చిన నిమిషాల్లో బండని ఎంత దూరం లాగితే అంత. చివర్లో టేపు పెట్టి అడుగులూ అంగుళాలతో సహా మైకులో చదువుతారు. ముక్కు తగవు రాకుండా పోటీనే వేరేగా కట్టుకున్నారు. కెమెరా అక్కర్లేని నియమం ఎవరు పెట్టారో గాని, ఆ రైతు బుర్రకి నేను డెల్ రిచ్చియో పక్కనే కుర్చీ వేస్తాను.

సాయంత్రానికి పటం తయారైంది. నల్ల అంచు, లోపల తెల్ల అట్ట, మూడు వరసల్లో నాలుగేసి గుర్రాలు. కొట్టతను అద్దం తుడుస్తూ చాలాసేపు చూశాడు.

"పన్నెండు గుర్రాలండీ ఇవి. మరి ఏడు కదా ఉండాల్సింది?"

"పన్నెండు కాదు, ఒకటే గుర్రం. ఒకే పరుగు."

నమ్మలేదు. అట్ట మీద వేలు పెట్టి ఒక్కొక్కటే దాటించుకుంటూ చివరి దాకా వచ్చాడు. అన్నీ కాళ్లు మడుస్తూ చాస్తూ ఉంటే పన్నెండోది మాత్రం నాలుగు కాళ్లూ నేల మీద ఆనించి, కదలకుండా నిలబడి ఉంది. మైబ్రిడ్జ్ చివరి బొమ్మని నిలబెట్టి తీసి చేర్చాడు.

"ఒకటే గుర్రం అంటున్నారు, మరి ఇది పరిగెత్తట్లేదే" అన్నాడు. "ఇది ఓడిపోయిందండీ."